మబ్బుల పైమాయిషీ

ఇంగ్లీషు వాళ్ల ‘మాన్‌సూన్’ మన ఇంటి మాటే. అరబ్బీలో ‘మౌసిమ్’ అంటే కాలం, అదను. అరబ్బు నావికులు గాలి అనుకూలించే అదను చూసుకుని మలబారు తీరానికి ఓడలు నడిపేవాళ్లు. ఆ మాట పోర్చుగీసు వాళ్ల నోట పడి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. ఉర్దూలో అదే మౌసమ్. తెలుగు పత్రికల్లో మేము ఋతుపవనాలు అని రాస్తాం. హిందూపురం బజారులో మాత్రం అందరికీ అది వానే.

ఇలాంటి మాటలు మన సేద్యం నిండా ఉన్నాయి. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరత్కాలం. రబీ అంటే వసంతం. రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ కనిపించే ‘ఫసలీ’ అక్బర్ కాలం నాటి పంటల సంవత్సరం. ఇంగ్లీషు ఏడాదిలో నుంచి 590 తీసేస్తే ఆ జూలైలో మొదలయ్యే ఫసలీ వస్తుంది. ‘రైతు’ కూడా ‘రఇయ్యత్’ నుంచి వచ్చిన మాటే. ఇంకొకటి ఉంది, పైమాయిషీ. అంటే కొలత, సర్వే. ఇది మన జమీన్‌ను కొలిచిన మాట. ఆస్మాన్ పైమాయిషీ తారీఖ్‌ను మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. మా ఉస్తాద్ ఉపగ్రహాన్ని ‘మస్నూయీ సయ్యారా’ అని నేర్పారు. తర్వాత తెలుగులో డిగ్రీ చేస్తే అదే ‘కృత్రిమ ఉపగ్రహం’ అయ్యింది. విలేకరినయ్యాక ప్రతి ఖరీఫ్‌లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మండలాల వర్షపాతం అంకెలు రాయడం నా పనిలో భాగం. ఇన్నేళ్లు ఆ అంకెలు రాశాక నా మనసులో మిగిలిన సవాల్ ఒక్కటే. వాన లెక్క ఎవరు కడుతున్నారు, ఎవరి కోసం కడుతున్నారు?

జమీన్ లెక్క

మా తాలూకాలు హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడి చూసినవి. 1792, 1799 యుద్ధాల తర్వాత ఈ ప్రాంతాలు నిజాం చేతికి వచ్చాయి. 1800లో నిజాం వాటిని కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా పనిచేశాడు. అనంతపురంలో మకాం పెట్టి, పొలం పొలం కొలిపించాడు. రైత్వారీ పద్ధతికి ఆ పైమాయిషీయే పునాది.

ఆ కొలత రైతు మీద మొహబ్బత్‌తో చేసింది కాదు. శిస్తు వసూలు కోసం చేసింది. అయినా దాని వల్ల ఒక మేలు జరిగింది. నీ పొలం ఇంత, హద్దులు ఇవి, శిస్తు ఇంత అని కాగితం మీదికి ఎక్కింది. కాగితం మీద ఉన్నదాన్ని తప్పు అని వాదించవచ్చు. అర్జీ పెట్టుకోవచ్చు. పట్టా, అడంగల్, పహాణీ లాంటి కాగితాలు పట్టుకుని ఈ రోజుకీ మన పల్లె జనం తహసీల్దార్ ఆఫీసు ముందు నిలబడగలుగుతున్నారంటే, కొలిచిన వాడి లెక్క కొలవబడిన వాడి చేతికీ అందింది కాబట్టే.

ఆస్మాన్ విషయంలో అలా జరగలేదు.

మన్రో నాటికి వానకు కొలత లేదా అంటే ఉంది. రైతు ‘పదును’ అన్నాడు. మట్టి ఎంత లోతు తడిసిందో చేత్తో తవ్వి చూసి జానెడు పదును, మూరెడు పదును అని చెప్పేవాడు. చెరువు మరవ పోతే అది మంచి ఏడాది. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు లాంటివి నీళ్లు నిలిపే కట్టడాలే కాదు, ఊరికంతటికీ కనిపించే కొలపాత్రలు కూడా. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అంటూ కార్తెల లెక్క ఒకటి ఉండేది. అరబ్బులకు కూడా ఇలాంటిదే ‘అన్‌వా’ అనే ఇల్మ్ ఉంది. చంద్రుడి 28 మంజిళ్లను బట్టి వాననూ గాలినీ అందాజు వేసేవాళ్లు. మన నక్షత్రాలు 27, వాళ్ల మంజిళ్లు 28. ఎడారి వాడూ మెట్ట రైతూ ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే ఆకాశాన్ని దాదాపు ఒకే రకంగా పంచుకున్నారు.

అయిదంగుళాల డబ్బా

1864లో కలకత్తాను తుఫాను ముంచెత్తింది. 1866లో వానలు లేక ఒడిశా కరువు వచ్చింది. వీటి తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. మరుసటి ఏడాదే దక్షిణాదిని కరువు కమ్మింది. 1876–78 నాటి ఆ కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలో భాగం. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1882లో అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది.

వాతావరణ శాఖ మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును చూసి వానల అందాజు వేయాలనుకున్నాడు. 1886లో అలాంటి జోస్యం మొదటిసారి వెలువడింది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ అసలు గణితం మాస్టారు. ప్రపంచం నలుమూలల నుంచీ గాలి పీడనం అంకెలు తెప్పించి లెక్కలు కట్టి, పసిఫిక్ సముద్రం మీద ఒక పక్క పీడనం పెరిగితే ఇంకో పక్క తగ్గుతుందని, దానికీ మన వానలకూ సంబంధం ఉందని తేల్చాడు. ఈ రోజు టీవీలో ఎల్‌నినో అని వినిపించే కథకు అది తొలి అధ్యాయం.

కలకత్తా, సిమ్లాల్లో ఇంత ఇల్మ్ సాగుతుంటే తాలూకా కచేరీలో మిగిలింది ఒక డబ్బా. సైమన్స్ వర్షమాపకం. దాని నోటి వ్యాసం అయిదంగుళాలు, అంటే చాచిన అరచేయి అంత. ఉర్దూలో దాన్ని ‘బారిష్ పైమా’ అంటారు. పొద్దున ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లను గాజు కొలపాత్రలో పోసి చూస్తారు. రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే అది ‘వాన పడిన రోజు’.

ఆ అరచేయి వందల చదరపు కిలోమీటర్లకు గవాహీ చెప్పాలి. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని అక్కడే ఆపేస్తాయి. ఈశాన్య వానలకు మేము తీరానికి దూరం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో పడే జిల్లా ఇది. ఇలాంటి చోట వాన పరదాలా పరుచుకుని పడదు, ముక్కలుగా పడుతుంది. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము పొడిగా ఉండే వాన మాది.

మా మామూ ఒక ఏడాది శెనక్కాయ వేసి వాతావరణ బీమా కట్టారు. ఊడలు దిగే సమయానికి మూడు వారాలు చుక్క పడలేదు. మండల కేంద్రంలో మాత్రం ఒక సాయంత్రం జోరుగా కురిసింది. బీమా లెక్కలో కరువు లేదు. ‘వాన ఆ డబ్బాలో పడింది బేటా, నా చేన్లో పడలా’ అన్నారు ఆయన. కోపం కూడా లేదు ఆ గొంతులో. డబ్బా అబద్ధం చెప్పలేదని ఆయనకూ తెలుసు. అది తన దగ్గర పడింది చెప్పింది. అడగాల్సిన చోట ఇంకో గవా లేడు, అంతే.

పచ్చ ఎర్రగా కనిపించిన ఏడాది

ఆ రెండో గవాను పైనుంచి తెద్దామనే ప్రయత్నం దేశంలో మొదలైన చోట్లలో మా జిల్లా ఒకటి. ఈ సంగతి మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. 1974–75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ‘అరైజ్’ అనే ప్రయోగం చేశాయి. దానికి రెండు జిల్లాలు ఎంచుకున్నారు. ఒకటి పంజాబులోని పటియాలా, రెండోది మా అనంతపురం. కాలువల కింద గోధుమ పండే జిల్లా ఒకటి, ఆకాశం వైపు చూసే మెట్ట జిల్లా ఇంకొకటి.

అప్పటికి ఉపగ్రహం కాదు, విమానం. అందులో మామూలు ఫిల్ము కాకుండా పరారుణ కాంతిని పట్టే రంగుల ఫిల్ము పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న ఆకు కంటికి కనిపించని ఆ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. ఫిల్ములో అది ఎర్రగా పడుతుంది. పైరు ఎంత బలంగా ఉంటే అంత ఎరుపు. వాడిపోతుంటే ఎరుపు వెలిసిపోతుంది. ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో ఈ ఫొటోల నుంచి లెక్క తీయవచ్చా అన్నదే ప్రయోగం. తర్వాత దేశమంతటా ఉపగ్రహాలతో సాగిన పంటల అంచనాలకు ఇది తొలి మెట్లలో ఒకటి.

1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ నేల నుంచి ఎగిరింది. 1979 జూన్ 7న భాస్కర వెళ్లింది. అందులో ‘సమీర్’ అనే పరికరం సముద్రం మీది గాలిలో ఎంత తేమ ఉందో సూక్ష్మతరంగాలతో పసిగట్టేది. సమీర్ అంటే సంస్కృతంలో గాలి. మా గల్లీలో ఇద్దరు ముగ్గురు సమీర్‌లు ఉన్నారు, వాళ్లది అరబ్బీ సమీర్. రాత్రి కబుర్లు చెప్పే తోడు అని దాని మాయినా. ఆకాశంలోని సమీర్‌కు ఈ రెండో అర్థం కూడా బాగానే కుదురుతుంది.

రాకెట్ల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. 1780లో పొల్లిలూరులో కంపెనీ సైన్యాన్ని బెదరగొట్టిన మైసూరు రాకెట్లు ఇనుప గొట్టాలతో చేసినవి. అబ్దుల్ కలాం శిక్షణ కోసం అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడి గోడ మీద టిప్పు సేన రాకెట్ల చిత్రం చూశానని ఆత్మకథలో రాసుకున్నారు. 1963 నవంబర్ 21న తుంబా నుంచి మన తొలి రాకెట్ ఎగిరింది. అది పైన గాలుల్ని తెలుసుకోవడానికి పంపిందే. మన దేశపు అంతరిక్ష ప్రయాణం మొదటి రోజు నుంచీ గాలీ వానల ఖబర్ కోసమే.

ఆస్మాన్ చూపు, దాని హద్దు

మా తరానికి ఉపగ్రహం అంటే ఇన్‌శాట్. 1982లో వెళ్లిన ఇన్‌శాట్-1ఎ కొన్ని నెలలకే పాడైంది. 1983 ఆగస్టులో ఛాలెంజర్ షటిల్ మోసుకెళ్లిన ఇన్‌శాట్-1బి నిలబడింది. టీవీ, టెలిఫోన్, మబ్బుల ఫొటో మూడూ ఒకే ఉపగ్రహం నుంచి. దూరదర్శన్ వార్తల చివర దేశం పటం మీద తెల్లని దూదిపింజలు చూపించేవాళ్లు. మా దాదీ ఆ తెలుపు హిందూపురం మీద ఉందా లేదా అని దగ్గరికెళ్లి చూసేది. వాన రాని ఏళ్లలో ఈద్గాలో నమాజె ఇస్తిస్కా చదివేవాళ్లు, పక్క వీధిలో విరాటపర్వం చదివించేవాళ్లు. ఇద్దరూ రాత్రికి టీవీలో మబ్బుల ఫొటో చూసేవాళ్లు.

2002 సెప్టెంబర్ 12న శ్రీహరికోట నుంచి కేవలం వాతావరణం కోసమే మెట్‌శాట్ వెళ్లింది. మరుసటి ఏడాది దానికి కల్పనా చావ్లా పేరు పెట్టారు. 2013లో ఇన్‌శాట్-3డి, 2016లో 3డిఆర్, 2024 ఫిబ్రవరిలో 3డిఎస్. ఇవి 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూమితో సమానంగా తిరుగుతూ ఎప్పుడూ మన నెత్తి మీదే ఉన్నట్టు ఉంటాయి. ఒక్కొక్కటి అరగంటకోసారి ఫొటో తీస్తుంది.

ఆ ఫొటో చూసేది వానను కాదు, మబ్బు పైకప్పును. అది ఎంత చల్లగా ఉంటే మబ్బు అంత ఎత్తు, అంత వాన అని అందాజు. కానీ పైన చల్లగా పలచగా ఉండి చుక్క రాల్చని మబ్బులూ ఉన్నాయి. కింద వెచ్చగా ఉండి జల్లు కురిపించే మబ్బులూ ఉన్నాయి. పైగా ఆ పరారుణ ఫొటోలో ఒక్క చుక్క నేల మీద నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. అంటే దాదాపు నాలుగు వేల ఎకరాలు. మా మామూ చేను ఆ చుక్కలో ఎక్కడో ఒక మూల. డబ్బా మరీ చిన్నది, ఫొటో మరీ పెద్దది. రైతు రెంటి మధ్యలో ఉన్నాడు.

మబ్బు లోపలికి చూడాలంటే భాస్కర చేసిన పని చేయాలి, సూక్ష్మతరంగాలు కావాలి. 2011 అక్టోబర్ 12న ఇస్రో, ఫ్రాన్సు సంస్థ క్నెస్ కలిసి పంపిన మేఘా-ట్రాపిక్స్ ఆ పని కోసమే. భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులో తిరిగింది కాబట్టి మన ఉష్ణమండలం మీదుగా రోజుకు చాలాసార్లు వెళ్లేది. వానను చూసే ‘మద్రాస్’ అనే పరికరం తొందరగానే మూగబోయింది. తేమను చూసే ‘సఫీర్’ ఏళ్ల తరబడి పనిచేసింది. మూడేళ్ల కోసం చేసిన ఉపగ్రహం 2021 దాకా సమాచారం ఇచ్చింది. 2023 మార్చి 7న దాన్ని జాగ్రత్తగా కిందికి దించి పసిఫిక్ మీద కాల్చేశారు.

పైరు పచ్చదనాన్ని బట్టి కరువు పసిగట్టే పని 1989లో హైదరాబాద్ నుంచి మొదలైంది. కానీ పచ్చదనం తగ్గిందని ఉపగ్రహం చెప్పే సరికి చేను అప్పటికే ఎండిపోయి ఉంటుంది. కరువు ప్రకటించడానికి అది మంచి సబూత్, పంట కాపాడుకోవడానికి కాదు. 2003 తర్వాత కొన్నేళ్లు మేఘమథనం పేరుతో విమానాల నుంచి రసాయనాలు కూడా చల్లారు. ఊళ్లో విమానం మోత వినపడితే జనం మిద్దెలెక్కి చూసేవాళ్లు. తర్వాత పడిన వాన విమానం వల్ల పడిందా, పడాల్సిందే పడిందా అని తేల్చడానికి కూడా మళ్లీ కొలతే కావాలి.

ధూప్ అమ్ముకునే కాలం

మేఘా-ట్రాపిక్స్‌లో ‘స్కారబ్’ అని ఇంకో పరికరం ఉండేది. అది సూర్యుడి నుంచి వచ్చిన శక్తిలో ఎంత తిరిగి వెళ్తోంది, భూమి ఎంత వేడిని బయటికి వదులుతోంది అని చూసేది. ఆదాయం ఎంత, ఖర్చు ఎంత అనే హిసాబ్. భూమి ఖాతాలో ఇప్పుడు ప్రతి చదరపు మీటరుకూ సుమారు ఒక వాట్ మిగిలిపోతోందని ఉపగ్రహాలు, సముద్రంలోని పరికరాలు కలిసి చెబుతున్నాయి. వినడానికి చిన్న అంకె. భూమి మొత్తం మీద, రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి అంటే చిన్నది కాదు. వాతావరణ మార్పు అనే పెద్ద మాట వెనక ఉన్న అసలు జమా ఇదే.

ఈ హిసాబ్‌కు మా నేల మీద ఒక బజారు కూడా ఉంది. ధర్మవరం దగ్గర రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. కదిరి వైపు ఎన్.పి.కుంటలో భారీ సోలార్ పార్కు వచ్చింది, 2016 నుంచి అక్కడ కరెంటు పుడుతోంది. అక్కడ ఎంత ధూప్ పడుతుందో ముందే తెలియాలి. ఏ గంటకు మబ్బు పడుతుందో తెలియాలి, లేకపోతే గ్రిడ్‌కు ఇచ్చిన మాట తప్పుతుంది. అందుకే ఎండ కొలతకు ఇంత గిరాకీ. ఒకే మబ్బు చేన్లో ఉన్నవాడికి రహ్మత్, సోలార్ పలకల దగ్గర ఉన్నవాడికి నష్టం. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. ఒక్కటే గమనించాలి. ఎండను అమ్ముకునే కంపెనీ ఆ కొలతను కొనుక్కోగలదు. వాన కోసం చూసే రైతు కొనుక్కోలేడు.

వాన ఎక్కువైనా ఇదే కథ. 2021 నవంబర్‌లో చిత్రావతి పొంగి, మధ్యలో చిక్కుకున్న వాళ్లను వైమానిక దళం హెలికాప్టర్ పైకి లాగింది. కరువు జిల్లాలో వరద. ధర్మవరంలో గుంత మగ్గాల్లోకి నీళ్లు చేరితే నేతన్నకు వారాల పని పోతుంది. హిందూపురంలో పట్టుగూళ్లు అమ్ముకునే రైతుకు గదిలో తేమ, వేడి కొంచెం అటూ ఇటూ అయినా పురుగు రోగం పాలవుతుంది. మౌసమ్ ఖబర్ వీళ్లకు కాలక్షేపం కాదు, రోజీ రోటీ.

గవాహీ ఎవరిది?

ఇప్పుడు ఈ తారీఖ్ ఎందుకు చెప్పుకోవాలంటే, ఉపగ్రహం ఇక ఫొటో తీసే వస్తువు మాత్రమే కాదు. అది కచేరీలో గవా అయ్యింది. 2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం కరువు మండలం తేల్చడానికి చూసే సూచికల్లో ఉపగ్రహం చెప్పే పచ్చదనం కూడా ఒకటి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమల దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం బరువు ఇలాంటి సాంకేతిక అంచనాలకు ఇచ్చారు. రేపు శెనక్కాయ వంతు రావచ్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్‌తో మబ్బుల్ని దాటి నేల తడిని కూడా చూడగలదు. అంటే రైతు చేత్తో తవ్వి చూసిన పదునును ఆకాశం నుంచి చూసే రోజు వచ్చింది.

ఇది మంచి రోజే. డబ్బా ఒక్కటే గవా అయితే మా మామూకు జరిగినట్టు జరుగుతుంది. రెండు గవాహీలు ఉంటే ఇన్సాఫ్‌కు దారి ఉంటుంది. నేల డబ్బా లేకుండా ఉపగ్రహం లెక్క సరిచూసుకోలేం, ఉపగ్రహం లేకుండా డబ్బాకూ డబ్బాకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చలేం. రెండూ కావాలి. రైతు పదును కూడా కావాలి.

కానీ గవాహీ అంటే ఎదుటివాడు వినగలిగేది, సవాల్ చేయగలిగేది. ఇస్రో సమాచారం భువన్ మీద ఉంది, మోస్‌డాక్ మీద ఉంది. దాచిపెట్టింది కాదు. అయినా పెనుకొండ రైతు తన ఊరి మీద ఆ ఏడాది ఆకాశం ఏం చెప్పిందో తన భాషలో, తన సర్వే నంబరు పక్కన చూసుకోగలుగుతున్నాడా? అడంగల్‌లో పొలం ఉంది, పంట ఉంది, నీటి ఆధారం ఉంది. ఆ చేను మీద ఎన్ని రోజులు వాన పడింది, ఉపగ్రహం ఎంత అందాజు వేసింది, దగ్గరి డబ్బా ఎంత చూపింది అనే మూడు అంకెలు ఆ కాగితంలో ఎందుకు ఉండకూడదు?

మన్రో శిస్తు కోసం కొలిచాడు. అయినా ఆ లెక్క రైతు చేతికి అందింది, అందుకే రెండు వందల ఏళ్లుగా దాని మీద కొట్లాడుకుంటున్నాం. మబ్బుల పైమాయిషీకి అంతకంటే చాలా మంచి కొలబద్దలు ఉన్నాయి. దాని నకలు రైతు చేతికి రావాలి. అది సర్కార్ మెహర్బానీ కాదు, రైతు హక్.